జనం లేని ప్రింటు

కాశీబుగ్గ బస్టాండు పక్కన
నా కొట్టు వెడల్పు ఐదడుగులు.
ఒకప్పుడు అందులో ఎన్ని సినిమాలు పట్టేవో
లెక్క రాసుకోలేదు.

శుక్రవారం రిలీజు,
శనివారం మధ్యాన్నానికి నా కంప్యూటర్లో.
ఏ ఊరి హాల్లో, ఎవడు, చొక్కా జేబులో ఫోను నిలబెట్టి తీశాడో
నేనెప్పుడూ అడగలేదు.
దొంగసొత్తుకి ఇంటిపేరుండదు.

సాయంత్రం జీడి ఫ్యాక్టరీల్లో బట్వాడా.
ఆరు దాటేసరికి కొట్టు ముందు చేతులు,
జీడిరసం తిని నల్లబడ్డ చేతులు,
గోరంత కార్డులు పట్టుకుని.
కార్డుకి ఇరవై. నిండా ఎక్కిస్తాను.

తవిటమ్మ మాత్రం పదే ఇచ్చేది.
"సగమే నింపు బాబూ,
మిగతా సగంల మా గుంటడి ఫొటోలున్నాయి, సెరిపీకు."
నాలుగు జీబీల కార్డు
కొంగుముడిలో చిల్లరతో పాటు కాపురం చేసేది.
పప్పు పొట్టు తీస్తూ, ఫోను డబ్బాకి ఆనించి చూస్తుందిట.
చూడ్డమంటే వినడమే,
కళ్ళు పప్పు మీదుండాలి కదా.

రెండుసార్లు పోలీసులొచ్చి
హార్డ్ డిస్కులు పట్టుకుపోయారు.
మూడోది బియ్యం డబ్బాలో ఉండిపోయింది.
వారం తిరక్కుండా మళ్ళీ తెరిచాను.

అలా ఆగనిది
చెప్పాపెట్టకుండా ఆగిపోయింది.
ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా కన్నా
రోజు నెట్టు చవకైన ఏడాది.
నన్నెవరూ పట్టుకోలేదు.
ఎవరూ రాలేదు, అంతే.
నేను ఫోన్లకి అద్దాలు అతికించడం నేర్చుకున్నాను,
బుడగ మిగలకుండా.

తవిటమ్మకి కొత్త ఫోను అమ్మింది నేనే.
వేలు పెట్టమంది ఫోను. పెట్టింది.
మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టింది.
ముప్ఫై ఏళ్ళ జీడి
ఆ వేలి మీద గీతలన్నీ ఎప్పుడో తినేసింది.
నాలుగు సున్నాలు పెట్టి, యాప్ వేసి,
పక్కింటివాళ్ళ పాస్‌వర్డు కొట్టి
అద్దంలాంటి బొమ్మ చూపించాను.

వారానికి తిరిగొచ్చింది.
"బాబూ, ఇందల జనం లేరేటి?"

నాకర్థం కాలేదు.

"పాతవాట్ల ఎవుడో దగ్గీవోడు.
ఓ పిల్ల ఏడ్సీది. ఈలలేసీవోరు.
ఆల్లు నవ్వితే నానూ నవ్వీదాన్ని.
ఒక్కద్దాన్నీ నవ్వాలంటే సిగ్గేస్తంది."

ఆ రాత్రి షట్టరు దించి
మా ఊరి హాలు ముందు నుంచే ఇంటికెళ్ళాను.
ఇప్పుడది జీడిగింజల గోడౌను.
బాల్కనీ దాకా బస్తాలు.
దాన్ని మూయించిన వేళ్ళలో నావీ ఉన్నాయి.
నా వేళ్ళ మీద గీతలు
ఒక్కటీ చెరగలేదు.

మొన్న కూర్మారావు వచ్చాడు, డిగ్రీ కుర్రాడు.
ఒక సినిమా ఒక యాప్‌లో, రెండోది ఇంకోదాంట్లో,
క్రికెట్టు మూడోచోట,
డబ్బు కట్టాకా నడుమ సబ్బుల ప్రకటనలు.
ముగ్గురు స్నేహితులు పంచుకున్న పాస్‌వర్డు
"మీదీ ఇల్లు కాదు పొమ్మంటంది అన్నా,
మా ఇల్లేదో దానికేటి తెల్సు?"
అని నవ్వి, గొంతు తగ్గించి
ఫోన్లో ఏదో గ్రూపు చూపించాడు.
నిన్న వచ్చిన సినిమా, పూర్తిగా, ఊరికే.

వంగి చూశాను, పాత అలవాటు.
అద్దంలాంటి బొమ్మ. దగ్గు లేదు. తల అడ్డం లేదు.
ఈసారి దొంగ ప్రింటులో కూడా
జనం లేరు.

వాడు వెళ్ళాక బియ్యం డబ్బా వెతికాను.
ఆ డిస్కు పది నిమిషాలు మూలిగి, తిరిగింది.
శనివారం తవిటమ్మ కార్డు అడిగి తీసుకుని
సగం నింపాను. ఫొటోలు ముట్టుకోలేదు.
పది రూపాయలిచ్చింది.
వద్దనాలనుకుని, తీసుకున్నాను.

కొట్టు మెట్టు మీదే కూర్చుని పెట్టుకుంది.
ఏ ఊళ్ళోనో, ఏ ఏడాదో
ఒక పిల్ల ఏడుస్తోంది,
ఆ పిల్లిప్పుడు కాలేజీకి పోతూ ఉంటుంది.
హీరో కన్నీళ్ళ మీదుగా
ఎవడో లేచి, తడుముకుంటూ
బయటికి పోతున్నాడు.

"కూకోరా," అంది తవిటమ్మ.